నాంచారమ్మ అను పేరు

కృష్ణానది సముద్రమున గలియు దివిసీమలోను, దాని నానుకొనియున్న బందరు, గుడివాడ ప్రాంతములలోను నాంచారయ్య, నాంచారమ్మ యను పేర్లు గల పెద్దలు పెక్కురు కలరు. ఆ పేరు గల పసిబిడ్డ మాత్రము నేడు వెదకినను దొరకుట యరుదు. తాత పేరు మనుమనికి, అవ్వ పేరు మనుమరాలికి పెట్టు ఆచారము మనలో చిరకాలముగా నున్నదే. అయినను నాంచారమ్మగారి మనుమరాలికి ఆ పేరు పెట్టుటకు తల్లిదండ్రులు జంకుచున్నారు. మోటుగా నున్న దందురు. బడిలో తోడిపిల్లలు నవ్వుదు రందురు. తుదకు అవ్వ మనసు నొవ్వకుండుటకై మొదటి యక్షరమును మాత్రము నిలిపి, అర్థము చెప్పలేని రెండక్షరముల కొత్త పేరొకటి కూర్చి పెట్టుచున్నారు. ఇది యొక యింటి ముచ్చట యని మేము త్రోసివేయజాలము. ఒక పేరు మోటనియు వేరొకటి నాగరికమనియు తీర్పు చేసిన వారెవరు? ఏ కొలతతో చేసిరి? పేర్ల విషయమున మన జాతి తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన కాలము వచ్చినది.

మొదట నాంచారమ్మ సంగతియే విచారింతము. ఘంటసాలకు చేరువను కృష్ణాతీరమున శ్రీకాకుళమను గ్రామము కలదు. ఉత్తరాంధ్రమునందలి జిల్లా కేంద్రము వేరు, ఇది వేరు. ఇచ్చట వెలసిన దేవుడు ఆంధ్ర మహావిష్ణువు; ఒక జాతి పేరునే తన పేరుగా ధరించిన దైవము. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకము చెప్పినది ఈ స్వామి మీదనే. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సమయమున బెజవాడలో విడిసి, ఏకాదశినాడు ఈ శ్రీకాకుళమునకు వచ్చి స్వామిని సేవించెననియు, ఆ రాత్రి స్వప్నమున స్వామి కనిపించి తెలుగున కావ్యము చెప్పుమని యాజ్ఞాపించెననియు ఆముక్తమాల్యద అవతారికయే చెప్పుచున్నది. ఆ కావ్యమునకు నాయిక గోదాదేవి. తాను ముడిచిన పూలమాలను స్వామికి సమర్పించిన యా తల్లిని అరవవారు చూడిక్కొడుత్త నాచ్చియార్ అందురు. నాచ్చియార్ అనగా ఏలినసాని, అమ్మవారు. ఆ మాటయే తెలుగునాట నాంచారు, నాంచారి యైనది. ఆ బిరుదులోని అర్థమునే రాయలు సంస్కృతీకరించి తన కావ్యమునకు ఆముక్తమాల్యద యని పేరు పెట్టెను.

కావున పాఠకులు చిత్తగింపవలెను. నేడు మోటని త్రోసివేయబడుచున్న నాంచారమ్మ యను పేరు, చక్రవర్తి రచించిన మహాకావ్యమునకు నాయికయైన దేవి బిరుదము. దివిసీమలో నారుమడి పనికిపోవు ముదుసలి నాంచారమ్మయు, ఆలయమున ఆండాళ్ తల్లియు ఒకే పేరు గలవారు. అంతటితో ముగియలేదు. తిరుపతి వేంకటేశ్వరునకు బీబీ నాంచారి యను ముసల్మాను దేవేరి కలదని మన జనులు భక్తితో చెప్పుకొందురు. బీబీ యనునది ఒక మతము వారి గౌరవశబ్దము. నాంచారి వేరొక మతము వారిది. ఆ రెంటిని ఒకే స్త్రీ పేరుగా కూర్చిన జనుల హృదయమెంత విశాలమో ఊహింపుడు. అరవము, తెలుగు, హిందువు, ముసల్మాను, చక్రవర్తి, కూలిమనిషి – ఇందరి చరిత్రము నాలుగక్షరములలో ఇమిడియున్నది. అర్థము తెలియక దానిని పారవేయుట, చెల్లదనుకొని బంగారు నాణెమును పెంటలో పడవేయుటయే.

ఈ ప్రాంతమున పేర్ల చరిత్ర రాయల నాటితో నారంభము కాలేదు. శ్రీకాకుళము ప్రక్కనే యున్న ఘంటసాల క్రీస్తు శకము తొలి శతాబ్దములలో కంటకసేల యను పేర గొప్ప రేవుపట్టణము. గ్రీకు భూగోళవేత్త టాలమీ సైతము దాని పేరెత్తెను. అచ్చటి ప్రాకృత శాసనములలో శివకుడను మహానావికుని పేరు కనబడుచున్నది. సముద్రము మీద ఓడలు నడిపిన యా తెలుగునేల మనిషి ఎట్లుండెనో, ఏమి భుజించెనో, ఏమి పలికెనో మనకు దెలియదు; పేరు మాత్రము రాతి మీద మిగిలినది. క్రీస్తు శకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల కాలమునందు బోధిసిరి యను ఉపాసిక నాగార్జునకొండపై చైత్యగృహము కట్టించినది. ఆమె దానములను వివరించు శాసనమున, కంటకసేల మహాచైత్యము తూర్పు వాకిట రాతి మండపమొకటి కట్టించిన సంగతియు కలదు. సిరి యనగా శ్రీ. నేటి తల్లులు సరికొత్తదని మురిసి పెట్టుకొను సిరి యను పేరు 17 శతాబ్దములకు పూర్వమే ఈ నేలకు పరిచితము. పాతది మోటనియు కొత్తది నాగరికమనియు పలుకువారు ఈ యొక్క పేరును తలచుకొన్న చాలును.

ఆనాటి శాతవాహన ప్రభువులు తల్లి గోత్రనామముతో ప్రసిద్ధి కెక్కిరి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి యను పేర్లలో ముందు నిలిచినది తల్లి. బిడ్డ పేరున తల్లికి చోటు లేకుండ చేసి, పెండ్లియైన స్త్రీ యింటిపేరును సైతము మార్చు మనము, ఆ రాజుల పేర్లను బడిపిల్లలచే వల్లింపజేయుచునే యున్నాము. అందలి యర్థము మాత్రము మన చెవి కెక్కలేదు.

ఇక గుడులకును పేర్లకును గల సంబంధము చూతము. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిని సంతానము కొరకు మ్రొక్కుకొనిన దంపతులు, బిడ్డ పుట్టినచో సుబ్బారావనియో, నాగేశ్వరరావనియో, సుబ్బమ్మ యనియో, నాగమణి యనియో పేరు పెట్టుదురు. పెదకళ్ళేపల్లి దుర్గా నాగేశ్వరుని పేరు, అవనిగడ్డ లంకమ్మ పేరు, హంసలదీవి వేణుగోపాలుని పేరు ఆ చుట్టుపట్ల యిండ్లలో వినబడుచుండును. 1929వ సంవత్సరమున బందరు చిలకలపూడిలో పాండురంగని యాలయము వెలసిన పిదప పాండురంగారావు లచ్చట వింత కాలేదు. ఒక మనిషి పేరు విని అతని ఊరి దేవు డెవరో చెప్పగల విద్య మన పెద్దలకుండెను. ఆ విద్యకు మతము లడ్డు రాలేదు. దర్గాకు మ్రొక్కి బిడ్డను గన్న హిందువులు మస్తానయ్య, మస్తానమ్మ, సైదులు అని పేర్లు పెట్టుకొనిరి. నేటికిని మస్తాన్‌రావు లెందరో మన మధ్యనే యున్నారు. అరబ్బీ పారసీకముల మూలముగల మాటకు తెలుగు అయ్యను, మరాటీల వాడుకనుండి వచ్చిన రావును తగిలించి, గ్రామదేవత యెదుట బారసాల జరిపిన జాతి మనది. మతముల పేర మనుష్యులను వేరుచేయ జూచువారికి ఈ పేర్లే సమాధానము.

పేర్లలో దుఃఖ చరిత్రమును కలదు. పుల్లయ్య, పెంటయ్య, కుప్పమ్మ, తవిటయ్య, భిక్షమయ్య – ఈ పేర్లు విని నవ్వువారు వాని వెనుక నున్న కన్నీటి నెరుగరు. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, మిగిలిన యొక్క బిడ్డను మృత్యువు కంట బడకుండ దాచుటకు తల్లి పడిన పాట్లవి. ఎంగిలి విస్తరాకులైన పుల్లాకులలో బిడ్డను పొరలించి పుల్లయ్య యనిరి. పెంటకుప్పపై నుంచి తెచ్చి పెంటయ్య యనిరి. గుప్పెడు తవుడునకు పొరుగింటికి అమ్మినట్లు నటించి మరల తెచ్చుకొని తవిటయ్య యనిరి. ఇది విలువలేని వస్తువు, దీని నేల కొనిపోయెద వని యమునితో ఆడిన బొంకు ఆ పేరు. ఇది మన దేశపు మూఢత్వమని పెదవి విరువ నక్కరలేదు. పశ్చిమాఫ్రికాలోని యొరూబా జనులు, బిడ్డలు వరుసగా పోయిన పిదప పుట్టిన శిశువునకు ఇక చావడను అర్థము వచ్చునట్లు కొకుమో యని పేరిడుదురు. యూదులు ప్రాణాపాయమున నున్న రోగికి జీవమను అర్థము గల హయ్యీము అను పేరును చేర్చుట కలదు. సముద్రములు వేరైనను తల్లుల భయమొక్కటే. మశూచికము తొలగి, టీకాలు వచ్చి, శిశుమరణములు తగ్గిన పిమ్మట పుల్లయ్యలు తగ్గిరి. ఆ పేరు తగ్గుటకు మనము సంతసింతుము. ఆ పేరు గల వృద్ధుని చూచి నవ్వుటను మాత్రము సహింపము. మృత్యువుతో పోరాడి గెలిచిన తల్లి విజయపత్రమది.

ఇంతకన్న లోతైన గాయ మొకటి కలదు. మనుస్మృతి రెండవ యధ్యాయమున నామకరణ విధి చెప్పబడినది. బ్రాహ్మణుని పేరు మంగళకరముగాను, క్షత్రియుని పేరు బలసూచకముగాను, వైశ్యుని పేరు ధనసూచకముగాను, శూద్రుని పేరు జుగుప్సాకరముగాను ఉండవలెనని అందలి యనుశాసనము. పసికందు కన్ను తెరవకముందే దాని నుదుట అవమానమును వ్రాయుమన్న విధి యిది. గ్రంథము చదువనివారు సైతము ఆచారమున దీనిని పాటించిరి. తండ్రి వెంకటేశ్వర్లని పేరు పెట్టుకొనినను, మోతుబరి నోట అతడు ఎంకటిగాడే. దళితవాడలో పుట్టిన రామయ్య రాముడైనాడు, ఊరి నడుమ పుట్టిన రాముడు రామయ్యగారైనాడు. ఒక్క అయ్య కొరకు, ఒక్క గారు కొరకు తరతరములు జరిగిన మూగపోరాట మెంతటిదో చరిత్రకారులు ఇంకను పూర్తిగా వ్రాయలేదు. రావు అను మాట రాజశబ్దము నుండి పుట్టినది. 20వ శతాబ్దమున కోస్తా జిల్లాలలో అది ఒక కులము సొత్తుగా నిలువక, పాలేరు కుమారునకును భూస్వామి కుమారునకును సమానముగా చెందినది. వెంకయ్య కొడుకు వెంకటరా వగుట కొందరికి హాస్యాస్పదముగా తోచినది. మా దృష్టిలో అది రక్తపాతము లేని విప్లవము.

క్రైస్తవము స్వీకరించిన కుటుంబములు బైబిలు నుండి పేర్లు తెచ్చుకొనుటలో గల రహస్యము నిదియే. ఆ పేర్లపై కులము ముద్ర లేదు. గ్రామము వానిని హీనపరచుట కింకను నేర్చియుండలేదు. యెహోవా రక్షించునను అర్థము గల పేరు జాషువా. గుర్రము జాషువా కవి ఆ పేరుతోనే తెలుగు సాహిత్యమున శాశ్వత స్థానము పొందెను. అతని పేరు పరాయిదని నేడెవరు పలుకగలరు? దేవదానము, దేవసహాయము అను పేర్లు చూడుడు. దేవదానమునకు పూర్వరూపము మన దేవదత్తుడు. గ్రీకులలో అతడే థియోడరు. ముసల్మానులలో అతడే అల్లాబక్షు. బిడ్డ దేవుడిచ్చిన సొమ్మన్న మాటను నాలుగు భాషలవారు నాలుగు విధములుగా పలికిరి, అంతియే. అబ్దుల్లా యనగా దైవసేవకుడు; రామదాసన్నను భావమదియే. పేర్ల ధ్వనిని బట్టి మనుష్యులను వేరుచేయువారు అర్థమును విచారించినచో సిగ్గుపడుదురు.

దేవుని పేరే వలదను వారును ఈ డెల్టాలోనే కలరు. బందరు హిందూ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, నాస్తికత్వము కారణముగా కొలువు వీడవలసివచ్చిన గోపరాజు రామచంద్రరావుగారు గోరాగా ప్రసిద్ధులు. వారు 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. 1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహము దేశమును కదలించుచుండగా పుట్టిన కుమారునకు వారు లవణమని పేరు పెట్టిరి. రెండవ ప్రపంచ సంగ్రామము ముంచుకొని వచ్చిన 1939లో పుట్టిన కుమారునకు సమరమని పెట్టిరి. పంచాంగములు చూడలేదు, నక్షత్రపాదములు లెక్కింపలేదు; కాలమునే పంచాంగముగా చూచి పెట్టిన పేర్లవి. లవణముగారు జాషువా కుమార్తె హేమలతగారిని వివాహమాడి, ఇరువురును స్టువర్టుపురమున నేరస్థ జాతులని ముద్రవేయబడిన వారి సంస్కరణకు పాటుపడిరి. పుట్టుకతోనే దొంగ యన్న పేరును మోయుచున్న జనులకు ఆ పేరును తుడిచివేయు పనికి పూనుకొనిన వాని పేరు ఉప్పు పన్నును ధిక్కరించిన యుద్యమము నుండి పుట్టుట ఎంత యుచితము! మోపిదేవిలో మ్రొక్కి సుబ్బారావని పెట్టిన తండ్రియు, దేవుని కాదని లవణమని పెట్టిన తండ్రియు మా దృష్టిలో ఒకే పంక్తిలోని వారు. ఇద్దరును ఏమి పెట్టుచున్నారో, ఏల పెట్టుచున్నారో ఎరిగి పెట్టిరి.

నేటి దుస్థితి యెట్టిది? పేరునకు అర్థము కొరకు తాతను గాని, పండితుని గాని అడుగువారు లేరు. సంఖ్యాశాస్త్రమను పేర వ్యాపారము చేయువారు ఇంగ్లీషు అక్షరములను కూడి తీసివేసి, ఒక ఏ అక్షరము హెచ్చించిన అదృష్టము, ఒక హెచ్ తగ్గించిన ఐశ్వర్యము అని చెప్పుచున్నారు. బిడ్డ జాతకము తెలుగు వర్ణమాలలో లేక పరాయి లిపిలో దాగియున్నదట! నక్షత్రమును బట్టి మొదటి యక్షరము నిర్ణయించు ఆచారమును మేము తప్పు పట్టము. ఘానాదేశపు అకాన్ జనులు పుట్టిన వారమును బట్టి శుక్రవారము పుట్టినవానికి కోఫీ యనియు, శనివారము పుట్టినవానికి క్వామే యనియు పేరిడుదురు. ఆ దేశమునకు 1957లో స్వాతంత్ర్యము తెచ్చిన క్వామే ఎన్‌క్రుమా శనివారపు బిడ్డ. పుట్టిన దినమునకు గుర్తుగా పేరుండుట వేరు, పేరులోని పరాయి యక్షరములను కూడి భవిష్యత్తును కొనుక్కొందుమనుట వేరు. మొదటిది స్మృతి, రెండవది వెర్రి.

విదేశములకు పోయిన మనవారికి మరియొక చిక్కు. మన యింటిపేరు ముందుండును, పిలుచు పేరు వెనుక నుండును. పాశ్చాత్యుల పత్రములలో క్రమము తలక్రిందు. అందుచే ఇంటిపేరే పిలుపుపేరై, అసలు పేరు మరుగున పడుచున్నది. పూర్వము 1860లో మద్రాసు నుండి ట్రూరో యను ఓడ నెక్కి నేటాలునకు కూలికి పోయినవారి కాలము నుండియు ఇట్టి మార్పులు జరుగుచునే యున్నవి. నాయుడను గౌరవపదము దక్షిణాఫ్రికాలో నాయుడూ యను వంశనామముగా స్థిరపడినది. లోకమంతయు ఒకే క్రమమున నడువవలె నను నియమ మెక్కడను లేదు. ఐస్లాండు దేశీయులకు సాధారణముగా వంశనామములే లేవు; తండ్రి పేరునకో తల్లి పేరునకో కుమారుడు, కుమార్తె యను మాట చేర్చుకొందురు. 1980లో ఆ దేశమునకు అధ్యక్షురాలుగా ఎన్నికైన విగ్డీస్ ఫిన్‌బోగడోత్తిర్ అనగా ఫిన్‌బోగి కుమార్తె విగ్డీస్. దేశాధ్యక్షురాలిని సైతము జనులు విగ్డీస్ అనియే పిలిచిరి. చిన్న జాతి తన పద్ధతిని నిలుపుకొనగా, కోట్ల జనసంఖ్య గల మనము మన పద్ధతికి సిగ్గుపడనేల?

పాత పేర్లన్నియు అట్లే పెట్టవలెనని మేము చెప్పుటలేదు. తుడిచివేయవలసిన పేర్లును కలవు. మహారాష్ట్రమున ఆడుబిడ్డలు వలదని విసిగిన తల్లిదండ్రులు నకుసా, అనగా అక్కరలేనిది, అని పేరు పెట్టుచుండిరి. 2011లో సతారా జిల్లా యధికారులు అట్టి బాలికలను 280 మందికి పైగా గుర్తించి, వారే యెన్నుకొనిన కొత్త పేర్లను ఇచ్చిరి. ఆ సంస్కరణమును మేము హృదయపూర్వకముగా అభినందింతుము. బిడ్డను అవమానించు పేరు ఏ ప్రాచీనత చేతను పవిత్రము కాదు. మా వాద మింతే: పారవేయుటకు ముందు అర్థ మడుగుడు, పెట్టుటకు ముందును అర్థ మడుగుడు.

ఆచరణ కనువైన సూచనలు మూడు చేయుచున్నాము. మొదటిది, తల్లిదండ్రులకు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము బిడ్డ జననమును పేరు లేకుండ నమోదు చేయించి, పేరును తరువాత చేర్పింపవచ్చును. కావున తొందర లేదు. బారసాలనాడు పళ్ళెములోని బియ్యము మీద ఉంగరముతో వ్రాయు పేరునకు అర్థమును, కారణమును బిడ్డ పెరిగి యడిగిననాడు ఒక్క వాక్యమున చెప్పగలుగవలెను. చెప్పలేని పేరు పెట్టకుడు. రెండవది, ఉపాధ్యాయులకు. ప్రతి విద్యార్థి తన పేరునకును, తన అవ్వ తాతల పేర్లకును అర్థము తెలిసికొని వచ్చి తరగతిలో చెప్పునట్లు ఏడాదికి ఒక్క దినము కేటాయింపుడు. శ్రీకాకుళము, ఘంటసాల, మోపిదేవి బడులలో ఆ దినమున చెప్పబడు చరిత్రము ఏ పాఠ్యపుస్తకమునను దొరకదు. ప్రవేశ పట్టికలో పేరును తమ యిచ్చ వచ్చినట్లు కుదించి, మార్చి వ్రాయు నలవాటు ఎచ్చటనున్నను మానవలెను.

మూడవది అందరికిని, ఇదియే అన్నిటికన్న ముఖ్యము. ఎదుటివాని పేరును నిండుగా పలుకుడు. పొలమున పనిచేయు పుల్లయ్యను పుల్లయ్యగారని పిలుచుటకు ఖర్చేమియు లేదు, చట్టము నక్కరలేదు. చక్కని పేర్లు పెట్టుకొని పొరుగువానిని అరపేరుతో పిలుచు సమాజము నాగరికము కాజాలదు. కంటకసేల రేవున మహానావికుడు శివకుని పేరు రాతిపై నిలిచినది. నేడు వల వేయుటకు సముద్రము మీదికి పోవు దివిసీమ నాంచారయ్య పేరు మన నోట నైనను నిండుగా నిలువవలదా? పసిబిడ్డకు నాంచారమ్మ యని పేరు పెట్టు ధైర్యము ఒక్క తల్లికి కలిగినను, ఆ పేరు విని నవ్వక అర్థమడుగు సంస్కారము ఒక్క బడికి కలిగినను, మేము వ్రాసినది వ్యర్థము కాలేదని సంతసింతుము.